లైను ఖాళీ అయితే

ఎస్.టి.డి. రాక ముందు మాట. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మా టెలిఫోను ఎక్స్ఛేంజీకి ఉన్నది ఒకే ట్రంకు లైను. ముందు లైట్నింగ్ కాల్, తర్వాత అర్జెంటు, అవన్నీ అయ్యాక ఆర్డినరీ. ఇది రూలు. వేరుశనగ ధర అడగడానికి కూడా అర్జెంటు బుక్ చేసే షావుకార్ల పుణ్యమా అని ఆర్డినరీ వాళ్లు బెంచీ మీద కునికిపాట్లు పడాల్సిందే.

ఇక మా ఆపరేటర్ల కబుర్లకు ఏ వరుసా లేదు. లైను ఖాళీ అయితే మాట్లాడుకోవాలి, అంతే. నంద్యాల వైపు కూర్చునేది లూదియా. ఏళ్ల తరబడి ఆమె గొంతు విన్నానే తప్ప మొహం చూడలేదు. అహోబిలంలో అయినవాళ్లందరూ పోయి, ఈ ఊళ్లో ఒంటి గదిలో ఉంటున్న నన్ను "తిన్నావా వకుళా" అని అడిగే మనిషి ఆమె ఒక్కతే.

ఆమెకు గుంటూరు బదిలీ అయింది. ఆ రోజే ఆఖరి డ్యూటీ, మరునాడు రైలు. స్టేషనుకు రానా, నిన్నెట్లా గుర్తుపట్టాలి అని అడగాలని పొద్దుటి నుంచి నా ప్రాణం కొట్టుకుపోతోంది. నెంబరుకూ నెంబరుకూ మధ్య అడిగే మాట కాదది. ఆ వేళ షావుకార్లకు ఏం పూనకం వచ్చిందో, లైను ఊపిరి తీసుకోలేదు.

ఆమె డ్యూటీ దిగిపోయే వేళకు అర్జెంట్లన్నీ తీరాయి. "వకుళా, ఏమన్నా చెప్పాల్నా?" అంది. నోరు తెరిచాను. బెంచీ మీద అంకన్న ఇంకా కూర్చునే ఉన్నాడు. నల్లమల చెంచు మనిషి. పొద్దున అర్జెంటా అని అడిగితే, తొందరేం లేదన్నాడు. ఆర్డినరీ ఒక్కటి మిగిలినా లైను ఖాళీ అయినట్టు కాదని నాకు నేర్పింది లూదియానే. ఎవరితో మాట్లాడాలని అతన్ని అడిగాను.

"ఆసుపత్రికమ్మా. మా ఆడమనిషికి నిన్న కడుపు కోసినారంట. ఉందో లేదో కనుక్కోవల్ల."

"ఈ మాట పొద్దున్నే చెప్పొద్దా అప్పా?"

"అందురికీ తొందరే గదమ్మా. ఒగర్ని దాటుకోని యెట్ల పోయేది?"

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. లూదియాకు ఆసుపత్రి నెంబరు చెప్పాను. అక్కడెవరో వార్డుకు పోయి కనుక్కుని వచ్చేదాకా అంకన్న రిసీవరును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. భార్య గంజి తాగిందట. నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

లైను ఖాళీ అయింది. లూదియా అని పిలిచాను. మగ గొంతు పలికింది.

"లూదియమ్మ ఇప్పుడే దిగిపాయ. ఏమన్నా చెప్పాల్నా?"

"తొందరేం లేదులే అన్నా" అన్నాను.