వాళ్లు వాయిదా వేసుకున్న రోజు

ఇంగ్లండు యూరప్ కూటమిలో ఉంటే నాకేం, పోతే నాకేం? మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. అలాంటిదాన్ని ఆ గురువారం రాత్రి సౌదీలోని రాస్ తనూరాలో, మా ఆయన కింద పనిచేసే ధీరజ్ ఇంట్లో మా వీడ్కోలు భోజనానికే వెళ్లి, వాళ్ల పార్లమెంటు ఓటింగు కోసం టీవీకి కళ్లప్పగించి కూర్చున్నాను. కూర్చున్న సోఫా కూడా వారం కిందటిదాకా మాదే. ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని ధీరజ్ వాళ్లకు ఇచ్చేశాను. అతని భార్య చరిత అప్పుడే దానికి పసుపురంగు గలేబులు కుట్టి తొడిగింది.

మా ఆయన రామప్రసాద్ ఇక్కడ రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్పెక్షన్ ఇంజినీరు. పద్నాలుగేళ్లుగా వాల్వులూ పైపులూ తప్ప మరో లోకం తెలియని మనిషి. కంపెనీ హెడ్డాఫీసు ఇంగ్లండులో ఉంది. ఆ దేశం మార్చి ఇరవై తొమ్మిదిన కూటమి నుంచి బయటికొచ్చేస్తుంది గనక, అవతలి దేశాలతో వ్యాపారం చెడకుండా రోటర్‌డామ్‌లో కొత్త ఆఫీసు తెరుస్తామన్నారు. ఏప్రిల్‌లో అక్కడ చేరమని ఈయనకు ఉత్తరం రాశారు. ఉత్తరం చివర చిన్న వాక్యం ఒకటి ఉంది. ఇంగ్లండు అనుకున్న తేదీకి బయటికొస్తేనే ఇదంతా అని.

ఆ వాక్యం ఆయన చదివాడు. పక్కా ఆర్డరు చేతికొచ్చాకే ఇక్కడ రాజీనామా ఇద్దామన్నాడు కూడా. నేను వింటేనా! దేశం దేశమే పోతానని చెప్పి పోకుండా ఉంటుందా, మీరిలా ఆలోచిస్తూ కూర్చుంటే ఇక్కడే ముసలాళ్లమైపోతాం అని రోజూ నస పెట్టాను. నా పోరు పడలేక ఆయన రాజీనామా ఇచ్చి ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకున్నాడు. అది పడ్డాక అరవై రోజుల్లో కుటుంబంతో సహా సౌదీ వదిలి వెళ్లాలి. మా గడువు మార్చి ముప్పై ఒకటి. మా అమ్మాయి రిషిత పదో తరగతి ఆఖరి పరీక్ష ఇరవై తొమ్మిదిన. అన్నీ భలే కుదిరాయని నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇప్పుడు ఆ పార్లమెంటువాళ్లు బయటికి వెళ్లడం వాయిదా వేద్దామా వద్దా అని ఓటేస్తున్నారు. వాయిదా పడితే మాకు రోటర్‌డామ్ లేదు, ఇక్కడ ఉండే కాగితమూ లేదు. యాభై ఒకటో ఏట ఈయనకు కొత్తగా ఉద్యోగం ఎవరిస్తారు, పిల్లను ఎక్కడ చేర్పించాలి?

ఒక్క దారి ఉందని కంపెనీ మందూబ్ అర్షద్ పొద్దున ఫోనులో చెప్పాడు. జవాజాత్ అనే పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగి అందరి కాగితాలూ చూసేది అతనే. గడువులోపల కంపెనీ తలుచుకుంటే ఎగ్జిట్ రద్దు చేయించవచ్చట. మేనేజరుకూ ఈయన ఉండిపోతేనే ఇష్టమట. కానీ ఉన్నది ఈయన వదిలిన ఒక్క సీటే. దాన్ని ధీరజ్‌కు ఇచ్చేశారు. ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే ధీరజ్. ఆ పెద్ద ఉద్యోగం పేరు అతని ఇకామాలో, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డులో, ఎక్కితేనే, విజిట్ వీసా మీద వచ్చిన చరిత ఇక్కడ ఉండిపోగలదు. ఆ ధైర్యంతోనే విశాఖలో బ్యాంకు ఉద్యోగం మానుకుని వచ్చింది ఆ పిల్ల.

మా సంగతి వాళ్లిద్దరికీ తెలియదు. రోటర్‌డామ్ ఖాయమని అందరి దగ్గరా టముకు వేసింది నేనే కదా.

ఖతీఫ్ మార్కెట్ నుంచి తెప్పించిన హమూర్ చేపతో పులుసు పెట్టింది చరిత. బాగుందో లేదో నాకు తెలియలేదు. టీవీలో సభ్యులు లేచి, రెండు గుమ్మాల్లోంచి నడిచి, లెక్కపెట్టించుకుని మళ్లీ వచ్చి కూర్చుంటున్నారు. ఒక సవరణ అయితే ఇంకో సవరణ. చేతులెత్తితే ఐపోయేదానికి ఈ ఊరేగింపేమిటని లోలోపల తిట్టుకున్నాను.

"వీళ్లూ మనలాగే ఎగ్జిట్ కొట్టించుకున్నారమ్మా. ఇప్పుడు గడువు పెంచమంటున్నారు" అంది రిషిత.

వాళ్లకు అడగడానికి ఇరవై ఏడు దేశాలున్నాయి, మనకెవరున్నారే అనుకున్నాను.

తొమ్మిది దాటాక ఫలితం చదివారు. వాయిదా కావాలన్నవాళ్లు వద్దన్నవాళ్లకు రెట్టింపు ఉన్నారు. మాకు రోటర్‌డామ్ పోయినట్టే. ధీరజ్ మాత్రం పోనీలెండి సార్, గొడవ లేకుండా నెమ్మదిగా వెళ్తారు అని తేలిగ్గా అనేశాడు. మా భోజనాలు ముగిసేలోపే ఈయన ఫోనుకు హెడ్డాఫీసు మెయిల్ వచ్చింది. ముందే రాసి పెట్టుకున్నట్టున్నారు. ఆయన చదివి, ఫోను బోర్లా పెట్టి, ఇంకాస్త మజ్జిగ పోయమ్మా అని చరితను అడిగాడు.

ఆ నిదానం చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. నోరు ఆగలేదు.

"మాకు వెళ్లడానికి చోటు లేదు ధీరజ్. మీ సార్ సీటు మీ సార్‌కు తిరిగొస్తేనే మేం బతికేది."

చరిత మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది. ఈయన చేయి కడుక్కుని, లే చాముండీ, ఇంటికి పోదాం అన్నాడు. ఇంటికొచ్చాక ఒకటే అన్నాడు, ఆ సీటు నేను అడగను అని. నాకు కంటిమీద కునుకు లేదు. ఆయన మీద కోపం, నామీద అంతకు రెట్టింపు కోపం.

శుక్రవారం పొద్దున్నే బెల్లు మోగింది. తలుపు తీస్తే ధీరజ్, కంపెనీ డ్రైవరు షాబాజ్ ఉన్నారు. వాళ్ల మధ్య మా సోఫా ఉంది. చరిత రాలేదు.

"అర్షద్ భాయ్‌తో మాట్లాడాను సార్. ఆదివారం మీ ఎగ్జిట్ రద్దు చేయిస్తానన్నాడు. నేను పాత పనిలోకి పోతాను" అన్నాడు ధీరజ్. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వద్దయ్యా, వెనక్కి తీసుకెళ్లు అన్నాడు మా ఆయన. గట్టిగానే అన్నాడు. ధీరజ్ కదల్లేదు, నావైపు చూశాడు. తీసుకెళ్లు బాబూ అని నేనూ ఒక్క మాట అంటే అక్కడితో ఐపోయేది. నోటి దురుసు మనిషినని పేరు పడ్డదాన్ని, ఆ ఒక్క మాటా రాలేదు. లోపల రిషిత పాఠం పైకి చదువుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా తలుపు రెండో రెక్క గడియ తీసి పక్కకు జరిగాను.

"ఆ కిటికీ కిందే పెట్టు నాయనా, ఇదివరకు ఉన్నచోటే" అన్నాను.

పెట్టి వెళ్లిపోయారు. చరిత కుట్టిన పసుపు గలేబులు దానిమీదే ఉన్నాయి.