ఇంటి తరఫున ప్రార్థన

చర్చి సంఘపెద్ద తోనిస్ గారు ఏడాదికి ఒకసారి ప్రతి ఇంటికీ వచ్చి ఆత్మలు ఎలా ఉన్నాయో చూసి పోతారు. మిగిలిన రోజుల్లో ఊరి చివర తన కోళ్ళ ఫారం చూసుకుంటారు. రెండు పనులకూ ఆయన చూపు ఒకటే: ఏది గుడ్డు పెడుతోంది, ఏది మూలన ముడుచుకుని కూర్చుంది అని. ఆ గురువారం సాయంత్రం తమ ఇంటికి వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ గెర్దీన్‌కు తాను రెండో రకం కోడినని అనిపిస్తూనే ఉంది.

ఆమె ప్రార్థన చేయడం మానేసి మూడేళ్ళయింది. కోపంతో మానలేదు. పుస్తకాలు చదివి, వాదించి మానినవాళ్ళకు ఆ గర్వమైనా మిగులుతుంది. కొడుకు బోయజ్ పుట్టిన చలికాలంలో, నిద్రలేని వారాల్లో ఎక్కడో, బస్సులో గొడుగు మరిచిపోయినట్టు మరిచిపోయింది. తర్వాత వెతికితే దొరకలేదు. భోజనానికి ముందూ వెనకా బల్ల చుట్టూ అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థించే వేళ ఆమె కూడా మూసుకునేది. రెప్పల వెనక బంగాళాదుంపలు ఎన్ని మిగిలాయో, కూతురు రొదే స్వెటర్ మోచేతి దగ్గర ఎంత చిరిగిందో కనిపించేవి. భర్త ఆల్ట్ ఆమేన్ అనేసరికి వారానికి సరిపడా వంట సిద్ధమయ్యేది. ఇంత ప్రయోజనం ఉన్న ప్రార్థన ఆ వీధిలో ఇంకెవరూ చేసి ఉండరు.

నిజం చెప్పేద్దామంటే ఇంకో చిక్కు. ఆ సంఘంలో ‘నా ఆత్మ బాగుంది’ అన్నవాణ్ణే అనుమానంగా చూస్తారు. ‘నాలో మంచి అంటూ ఏమీ లేదు, అంతా ఎండిపోయింది’ అని తల వంచుకుని చెప్పేవాళ్ళే భక్తులు. గెర్దీన్ తల్లి ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆమె తన పాపాల గురించి చెప్పుకుంటుంటే పక్కింటివాళ్ళకు అసూయ పుట్టేది. అలాంటి చోట నిజంగా ఎండిపోయిన మనిషి ఏమని చెప్పాలి? మునిగిపోతున్నవాడు కేకలు వేస్తే ఒడ్డున ఉన్నవాళ్ళు గొంతు బాగుందని మెచ్చుకునే ఊరు అది.

అయినా ఈసారి చెప్పేయాలనే అనుకుంది. ధైర్యం వచ్చి కాదు, అలసిపోయి. ఎవరో ఒకరు వినాలి. విని, కనీసం ముఖం మార్చుకోవాలి. ఆమె కోరిక అంతే.

“అమ్మా, పెద్దయ్య మన ఆత్మ ఎక్కడ చూస్తారు?” బోయజ్ చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు.

“అది బొడ్డురా,” అంది ఆరేళ్ళ రొదే. “ఆత్మ లోపలుంటుంది. నీకింకా వచ్చినట్టు లేదు.”

“వచ్చింది! అమ్మా, నాకొచ్చింది కదూ?”

“ఇద్దరూ ముందు సాక్సులు వేసుకోండి. ఆత్మల సంగతి తర్వాత.”

తోనిస్ గారు ఏడింటికి సైకిలు మీద వచ్చారు. ఆయనతో రావలసిన రెండో పెద్దకు జలుబట. గెర్దీన్ కాఫీ పోసి, తలా ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టింది. ఆ మూత పడడం చూసి బోయజ్ ముఖంలో కనిపించిన దుఃఖం, సంఘం కోరే పశ్చాత్తాపానికి చాలా దగ్గరగా ఉంది.

“మీ ఇంట్లో వాక్యం ఎక్కడిదాకా వచ్చిందో అక్కణ్ణుంచే చదువు నాయనా,” అన్నారు తోనిస్ గారు.

ఆల్ట్ బైబిల్ తెరిచాడు. అతను కిటికీలు బిగించే మనిషి. ఏ పనీ సగంలో వదలడు. ప్రతి భోజనం తర్వాతా మొదటి పేజీ నుంచి వరసగా, ఒక్క పేరు కూడా దాటేయకుండా చదువుతూ వస్తున్నాడు. ఆ సాయంత్రం వంతు చెరనుంచి తిరిగొచ్చినవాళ్ళ పట్టికకు వచ్చింది: ఫలానావాడి కొడుకులు ఇంతమంది, ఫలానావాడి కొడుకులు ఇంతమంది, తర్వాత వాళ్ళ గుర్రాలు, ఒంటెలు. చదవడం అయ్యాక తండ్రులందరూ అడిగినట్టే, తన తండ్రి తనను అడిగినట్టే అడిగాడు.

“చివరి మాట ఏమిటి?”

“గాడిదలు!” అంది రొదే.

“ఆమేన్!” అన్నాడు బోయజ్. ఏ అధ్యాయానికైనా వాడి జవాబు అదే.

తోనిస్ గారి ముఖం వికసించింది. “శభాష్ తల్లీ! ఇంత పొడుగు పట్టిక అంతా విన్నావన్నమాట.”

“అబ్బే, అంతా ఎందుకు వినాలి?” రొదే జాలిగా చూసింది. “చివర్లో నాన్న గొంతు దిగుతుంది కదా, అప్పుడు వింటే చాలు. అమ్మే చెప్పింది. అమ్మ కూడా అంతే వింటుంది.”

ఆల్ట్ పుస్తకం మూశాడు. పుస్తకం మూయడానికి అంతసేపు పడుతుందని గెర్దీన్ ఎన్నడూ అనుకోలేదు. ఆమె లేచి డబ్బా మూత తీసి, పిల్లలిద్దరి చేతుల్లో రెండో బిస్కెట్ పెట్టి పై గదికి పంపింది. లంచం ఇచ్చేటప్పుడు ఆ ఊళ్ళో కూడా ఎవరూ లెక్క చూడరు.

“సరే అమ్మా,” అన్నారు తోనిస్ గారు, కాఫీ కప్పు పక్కకు జరిపి. “మరి నీ ఆత్మ సంగతేంటి?”

“నేను ప్రార్థన చేయట్లేదు పెద్దయ్యా. మూడేళ్ళయింది.”

ఆయన కళ్ళు మూసుకుని తలాడించారు. “చేయలేకపోతున్నానన్న బాధ...”

“బాధ కూడా లేదు. అదే చెప్తున్నా. కళ్ళు మూసుకుని బంగాళాదుంపల గురించి ఆలోచిస్తాను.”

“ఆహా! తనను తాను ఇంత తక్కువగా చూసుకోవడం...”

“తక్కువగా ఏం లేదండీ. దుంపల లెక్క బాగానే కుదురుతోంది.”

తోనిస్ గారు జేబులోంచి చేతిరుమాలు తీశారు. “ఆల్ట్, నీ భార్య ధన్యురాలయ్యా. ఇన్నేళ్ళుగా ఇళ్ళు తిరుగుతున్నా, ఇంత విరిగిన మనసు చూళ్ళేదు. అచ్చం మీ అత్తగారే.”

గెర్దీన్‌కు కప్పు విసిరికొట్టాలనిపించింది. అదీ దీనత్వం కిందే జమ అవుతుందన్న భయంతో ఆగింది. అబద్ధం చెప్పి దొరికిపోయినవాళ్ళను ఆమె చూసింది. నిజం చెప్పి తప్పించుకుపోయిన మొదటి మనిషి తానే అయి ఉండాలి. తోనిస్ గారు ఆమె కోసం చాలాసేపు, కన్నీళ్ళతో ప్రార్థించి, రెండో కప్పు కాఫీ తాగి, సైకిలెక్కి వెళ్ళిపోయారు.

వంటింట్లో ఆల్ట్ కప్పులు తుడుస్తున్నాడు.

“పెద్దయ్యకు అర్థం కాలేదు,” అన్నాడు.

“నీకు?”

“అయింది.”

అతని ముఖం మారింది. ఆమె కోరుకున్నది అదే. కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఆమె బిస్కెట్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

“మూడేళ్ళా? నా పక్కనే కూర్చునా?”

“నువ్వూ నా పక్కనే కూర్చున్నావు కదా. నీకెందుకు తెలీలేదు?”

ఆల్ట్ తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాడు. “నువ్వు చేస్తున్నావులే అనుకున్నా.”

“అంటే?”

“నాన్న పోయాక నావల్ల కాలేదు గెర్దీన్. చదవడం వచ్చు, చదువుతున్నా. అది మాత్రం... నువ్వు కళ్ళు మూసుకుని అంత ప్రశాంతంగా ఉంటే, ఇంటికి ఒకరు చాల్లే అనుకున్నా.”

“మీ నాన్న పోయింది బోయజ్ పుట్టకముందు.”

“ఊఁ.”

“అంటే ఇన్నాళ్ళుగా ఈ ఇంటి తరఫున ఎవ్వరూ చేయట్లేదు.”

“బోయజ్ ఆమేన్ అంటున్నాడుగా.”

ఆమెకు నవ్వొచ్చింది, మధ్యలో ఎక్కడో అది నవ్వు కాకుండా పోయింది. ఎదుటివాళ్ళు గడియ వేశారనుకుని ఇద్దరూ హాయిగా నిద్రపోయిన ఇల్లు ఇది. లేచి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది, ఏమీ పోలేదు. సంతోషించాలో, దొంగకు పనికొచ్చే వస్తువు మన ఇంట్లో ఒక్కటీ లేదా అని చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. కానీ మూడేళ్ళలో మొదటిసారి, ఆ ఖాళీలో ఆమె ఒంటరిగా లేదు.

పైనుంచి బోయజ్ కేక వినిపించింది. “ప్రార్థన చేయలేదూ! ఎవ్వరూ రాలేదూ!”

“నీ వంతు,” అన్నాడు ఆల్ట్.

“నిన్న నేనే చేశాగా.”

“నిన్నటిది ఇప్పుడు లెక్కలోకి రాదు.”

“సిగ్గులేదూ నీకు? పద, ఇద్దరం పోదాం.”

పై గదిలో ఆమె పిల్లల రెండంతస్తుల మంచం పక్కన మోకరించింది. పిల్లలకు రోజూ చెప్పే నాలుగు మాటలు నాలుక మీదే ఉన్నాయి, కాఫీ కలిపినంత సులువుగా వచ్చేస్తాయి. ఆమె వాటిని రానివ్వలేదు.

“దేవా,” అంది. “నాకేం రావట్లేదు.”

“అమ్మా,” అంది పై మంచం మీంచి రొదే, “అలా మొదలుపెట్టకూడదు.”

“తెలుసే. ఇవాళ నా దగ్గర ఉన్నది ఇదే.”

“నాకూ రావట్లేదు,” అన్నాడు ఆల్ట్, గుమ్మంలోంచి. ఆ గొంతు చదివేటప్పటి గొంతు కాదు.

బోయజ్ ఒక కన్ను తెరిచి ఇద్దర్నీ పరీక్షగా చూశాడు. తోనిస్ గారికి కూడా అంత గట్టి చూపు లేదు. “అయితే నేను చేస్తా. మీరు కళ్ళు మూసుకోండి. చూడకూడదు.”

వాడు వీధిలో గుంత తవ్వే పొక్లెయిన్ కోసం ప్రార్థించాడు. దాని డ్రైవర్ కోసం, పక్కింటి కుందేలు కోసం, మళ్ళీ పొక్లెయిన్ కోసం. ఎలా ఆపాలో వాడికింకా ఎవరూ నేర్పలేదు. కాసేపటికి ఆల్ట్ వచ్చి గెర్దీన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇరుకు గది, అతని భుజం ఆమె భుజానికి తగిలింది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.