ఆదివారం వచ్చే కొడుకు

చచ్చిన గొర్రెపిల్ల తోలును గుర్వయ్య చిరగకుండా ఒలిచి, తల్లిలేని పిల్లకు తొడిగి, పొట్ట కింద సుతిలితో ముడేశాడు. చచ్చిన పిల్లను ఈనిన గొర్రె ముక్కు ఆనించి వాసన చూసింది. తన పిల్లే అనుకుని కదలకుండా నిలబడింది.

"గట్లనే నిలబడు తల్లీ," అన్నాడు. నలభై ఏళ్లుగా కొల్లాపూర్ గుట్టల్లో మంద కాస్తున్న మనిషి. జీవాలతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు.

ఆదివారం కాబట్టి పెందలాడే మందను దొడ్డికి తోలాడు. సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, తమ్ముడు మైసయ్య చొక్కా తొడుక్కుని, వాడి సెంటే పూసుకున్నాడు. పట్నంలో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చే మైసయ్య ఐదు నెలల కింద చౌటుప్పల్ రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. చూపులేని తల్లి ఈదమ్మ ఆ మాట వింటే బతకదని, శవాన్ని ఊళ్లోకి తేకుండా ఊరి బయట చెలకలోనే పూడ్చారు. ఊరంతా ఆ మాట దాచింది. అప్పటినుంచి వారం వారం వచ్చే చిన్నకొడుకు గుర్వయ్యే. గొర్రెకైతే వాసన చాలు. తల్లి దగ్గర గొంతు మార్చాలి, మైసయ్యలా నవ్వాలి. ఆ నవ్వే పాపం ఇతనికి చేతకాదు.

ఈదమ్మ అతని చేయి తడిమింది. కర్ర పట్టి కాయలు కాసిన అరచేతి దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. దొరికిపోయాననుకున్నాడు గుర్వయ్య.

"వచ్చినవా మైసా? తిన్నవా?"

"తిన్ననే."

"మీ అన్నకు ఎవ్వరున్నరు బిడ్డా? ఏడుపంత లోపల్నే పెట్టుకుంటున్నడు. జర ఏడ్వమని చెప్పు."

"చెప్తనే," అని నవ్వబోయాడు. రాలేదు.

ఆమె చేయి వదల్లేదు. దీపాలు పెట్టే వేళకు ఆ చేయి బరువెక్కి, మెల్లగా చల్లబడింది. గుర్వయ్య చాలాసేపు తమ్ముడి గొంతుతోనే "అమ్మా" అని పిలిచాడు. తర్వాత తన గొంతుతో పిలిచాడు.

పక్కింటి భద్రమ్మ వచ్చి మంచం జరిపింది. మంచం వెనక గోడవారగా మోదుగాకు డొప్పలు దొంతిగా ఉన్నాయి.

"గివేంది?" అని అడిగాడు గుర్వయ్య.

"ఐదు నెల్లసంది నాతోని తెప్పిచ్చుకుంటున్నది. పోయిన చిన్నోని పేరు మీద పిట్టలకు పెడుతున్నదయ్యా. నీకు చెప్తె తన మీద ఒట్టే అన్నది. పెద్దోడు నా కోసం గంత తిప్పల పడుతున్నడు, ఎరుకైతే వాని మనసిరుగుతదన్నది."

గుర్వయ్య నేల మీద చతికిలబడి, దాచుకోకుండా ఏడ్చాడు. మైసయ్య పోయాక అతను ఏడ్వడం అదే మొదలు.

కిటికీ చెక్క మీద పొద్దున పెట్టిన డొప్ప ఉంది. అందులోని రొట్టెముక్కను పిట్టలు సగమే తిన్నాయి.