బురద గీత

నేను ఒక కారును. తెల్లగా పుట్టాను. ఫ్యాక్టరీలో నా ఒంటి మీద ఒక అంకెల వరుస చెక్కి పంపారు. మనుషులకు పుట్టుమచ్చ ఎలాగో నాకది అలాగ. యజమానులు మారినా, రంగు మారినా ఆ అంకెలు మారవు.

నా మొదటి యజమాని ఏలూరులో పశువుల డాక్టరు. నాలుగేళ్లు నన్ను ప్రాణంగా చూసుకున్నారు. ఒక వానాకాలం వాగు పొంగి వాళ్ల వీధిలోకొచ్చింది. మూడు రోజులు అద్దాల దాకా బురదనీళ్లలో ఉండిపోయాను. బీమావాళ్లు వచ్చి చూసి, ఇక ఇది రోడ్డెక్కకూడదని రాసి, నన్ను తుక్కు కింద వేలం వేశారు. నా కథ అక్కడితో ముగిసి ఉంటే ఒక మంచి మనిషి బతికుండేవాడు.

వేలంలో నన్ను పాడుకున్నాయన రావులపాలెంలో పాత కార్లు అమ్ముతాడు. సీట్లు కడిగి, కొత్త కవర్లు తొడిగి, లోపల మల్లెపూల సెంటు చల్లాడు. తుప్పు జోలికి మాత్రం పోలేదు.

అతనికి చిన్ననాటి స్నేహితుడు పలివెల వీరభద్రం, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. భార్య రత్నమాలతో కలిసి నన్ను చూడటానికి వచ్చారు. మనుషులు చిత్రమైనవాళ్లు. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించనిదే తీసుకోరు, కుండను వేలితో మోగించనిదే కొనరు. నన్ను మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు వేసిన చప్పుడు విని తృప్తిపడ్డారు. ఎవరైనా మెకానిక్కుకు చూపిద్దామని రత్నమాల మెల్లగా అంది. మాస్టారు ఆమెను నా వెనక్కి తీసుకొచ్చి, "వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అనుమానపడ్డామని తెలిస్తే నొచ్చుకుంటాడు" అన్నారు.

నన్ను కొన్నారు. ఎనిమిది నెలలు బాగానే తిరిగాను. తొమ్మిదో నెలలో రత్నమాల చెల్లెలి కొడుక్కి అన్నప్రాశన. ముహూర్తం దాటిపోతోందని, కాస్త తొందరగా పోనివ్వమని ఆమె అంది. ఆయన కొద్దిగా వేగం పెంచారు. కాలువ మలుపులో ఇటుకల లారీ ఆగి ఉంది. బ్రేకు తొక్కారు. తుప్పు తిన్న బ్రేకు పైపు ఆ క్షణంలోనే తెగింది. పెడలు నేలదాకా దిగిపోయింది. ఆయన మళ్లీ తొక్కారు, మళ్లీ తొక్కారు. ఇక ఆగదని తెలిశాక స్టీరింగు ఎడమకు తిప్పేశారు. దెబ్బంతా తన వైపే పడింది. తెరుచుకోవలసిన ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు.

రత్నమాల బతికింది, ఒక కాలు సరిగ్గా ఆనదు. నన్ను కంటితో చూడలేనని ఆమె అంటే, మరిది నన్ను కాకినాడలో ఒక షెడ్డుకు అప్పగించేశాడు. వాళ్లు సొట్టలు తీసి, రంగు వేసి, అమ్మకానికి పెట్టారు.

ఒక ఉదయం మెహరున్నీసా అనే నర్సు వచ్చింది. వెంట సుభానీ అనే మెకానిక్కు. ఆమె నా మెరుపు వంక చూడనైనా లేదు. ముందు నా అంకెలు రాసుకుని, ఫోన్లో బీమా చరిత్ర తెప్పించింది. వరదలో మునిగినట్టు, పనికిరాదన్నట్టు అందులో ఉంది. డ్రైవరు సీటు బెల్టును చివరి దాకా లాగింది. ఎవరూ లాగని ఆ చివరలో, అడ్డంగా, ఎండిన బురద గీత. కిందికి దూరిన సుభానీ, "అంతా తుప్పే అక్కా. ఈ బ్రేకు పైపొక్కటే కొత్తది. పాతది తెగే ఉంటుంది" అన్నాడు.

ఆమె అంతటితో వెళ్లిపోవచ్చు. కానీ కాగితాల్లో ఇంకా మాస్టారి పేరే ఉంది. ఆ నంబరుకు ఫోను చేసింది. ఎత్తింది రత్నమాల. మర్నాడు చేతికర్రతో వచ్చింది.

మెహరున్నీసా తాను చూసినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. రత్నమాల ఆ గీతను వేలితో తడిమింది.

"బ్రేకు పడటం లేదని ఆయన అరిచారమ్మా. నేను విన్నాను. దెబ్బకి అలా అనిపించిందిలే అన్నారంతా. నేను తొందరపెట్టబట్టే పోయారని ఏడాదిగా కుమిలిపోతున్నాను."

"నెమ్మదిగా వెళ్లినా ఆ పైపు తెగేదే. మీ మాట వల్ల కాదు."

రత్నమాల తలూపింది. ఆ బరువు దిగిందనుకున్నాను. కానీ కళ్లు తుడుచుకుని ఆమె, "మెకానిక్కును పిలుద్దామని ఒక్కసారే అన్నాను. ఇంకోసారి అనవలసింది" అంది. మనుషులు ఒక నేరం దించుకుంటే ఇంకొకటి ఎత్తుకుంటారు.

మాస్టారికి నన్ను అమ్మిన రావులపాలెం స్నేహితుడి మీద రత్నమాల కేసు పెట్టింది. వాయిదాలు నడుస్తున్నాయి. సాక్ష్యం కింద నన్ను పోలీసు స్టేషను వెనక ఉంచారు. టైర్లలో గాలి లేదు, బానెట్ మీద పిచ్చితీగ పాకింది. ఇక నాలో ఎవరూ కూర్చోరు. నాకదే మేలనిపిస్తుంది.

మొన్న కేసు కోసం నన్ను గుర్తుపట్టడానికి రత్నమాల, మెహరున్నీసా ఇద్దరూ వచ్చారు. వాళ్ల మాటల్లో తెలిసింది. వీధిలో ఎవరు పాత కారు కొనబోయినా రత్నమాల కర్ర పట్టుకుని వెంట వెళ్తోందట. బెల్టులు లాగిస్తుందట, కాళ్ల కింది మ్యాట్లు ఎత్తిస్తుందట. తెలిసినవాళ్ల దగ్గర ఇలా చేస్తే ఏమనుకుంటారోనని ఎవరైనా వెనకాడితే, ఒకటే అంటుందట:

"ఏమన్నా అనుకుంటే నన్ను అనుకోమనండి."