కామమ్మ వద్దన్నదట

మా ఇంటావిడ కామమ్మ షుగరు మాత్రలు వద్దన్నదని సర్కారు రాసుకుంది. వరసగా మూడు మంగళవారాలు వద్దన్నదట. జాబితాలోంచి పేరు తీసేశారు. నెల నుంచి మాత్రల్లేవు. కాలి మీద పుండు మానడం లేదు.

అసలు ఎప్పుడు వద్దన్నది? పొద్దున తొమ్మిదికి పడవలు ఒడ్డుకొస్తాయి. చేపల వేలం ముగిసేదాకా మా పల్లెలో ఏ ఇంట్లోనూ ఆడమనిషి ఉండదు. మాత్రలిచ్చే నర్సు ఇంటికి వచ్చేది సరిగ్గా అప్పుడే.

గంగమ్మకు దండం పెట్టుకుని ఆస్పత్రికి పోయాను. ఆఫీసరు కామాక్షయ్య గారు మర్యాదగానే కూర్చోమన్నారు.

"ఈ పథకం పక్క రాష్ట్రంలో బ్రహ్మాండంగా నడిచింది ముత్యాలయ్యా. అక్కడి కాగితమే మనదీ. వారం, టైము, అన్నీ అవే."

"మా మరదలు ఆ రాష్ట్రంలోనే ఉండాది సార్. వాళ్ల పల్లెలోనూ మొదట ఇట్టే అయింది. ఏడాది తిరక్కముందే మార్చుకున్నారు. ఇప్పుడు నర్సు వేలం కాడికే వస్తది. మనోళ్లు పాత కాగితం తెచ్చుకున్నారు, మార్చింది తేలా."

"మార్చమని మాకు ఆర్డరు రాలేదు."

"పోనీ, అమావాస్య నాడు పంపండి సార్. ఆ రోజు మేం సముద్రం మీదికి పోం. అందరం ఇళ్లలోనే ఉంటాం."

ఆయన నవ్వారు. "పంచాంగం చూసి గవర్నమెంటు నడపమంటావా?"

నాకు ఒళ్లు మండింది. "పక్కోళ్ల కాగితం చూసి నడపొచ్చు గానీ, పంచాంగం చూసి నడపకూడదా సార్?"

నవ్వు ఆగింది. ఒక ఫారం నా ముందుకు తోశారు. మందు వద్దనడం మా పొరపాటని, ఇకమీద మంగళవారాలు ఇంట్లోనే ఉంటామని సంతకం పెడితే పేరు మళ్లీ ఎక్కిస్తారట.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కామమ్మ కాలు కళ్ల ముందు మెదిలింది. ఒక్క అబద్ధం రాస్తే మాత్రలు వస్తాయి. దేవుడు క్షమిస్తాడు కూడానేమో. కానీ తప్పయిందని ఒప్పుకోవాల్సింది నేనా?

ఫారం తిరగేసి రాశాను: 'నా భార్య వద్దనలేదు. వేలం దగ్గర ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.' కింద సంతకం పెట్టాను.

"ఇది చెల్లదు," అన్నారాయన.

మా ఇంటికి వచ్చే నర్సు రెబెక్కమ్మ మందుల గది వాకిట్లో నిలబడి అంతా వింటోంది. లోపలికి వచ్చింది.

"తాళం చూసి 'వద్దన్నారు' అని నొక్కింది నేనే సార్. ఫోన్లో ఉండేవి రెండే. 'ఇచ్చాను', 'వద్దన్నారు'. ఇంట్లో లేరని చెప్పేదానికి చోటే పెట్టలా." నా చేతిలో పెన్ను తీసుకుని నా సంతకం కింద తనూ సంతకం చేసింది.

"ఈ కాగితం నేనేం చేసుకోవాలి?" కామాక్షయ్య గారు అరిచారు.

"పైకి పంపండి. జవాబు వచ్చేదాకా మాత్రలు ఇప్పించండి. ఇప్పించకుంటే ఈ బెంచీ మీద నుంచి లేవను," అన్నాను.

రెబెక్కమ్మ ఆయన వంక చూడకుండానే మందుల గదిలోకి పోయింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది.