అడుగంటిన అన్నం

నేను ఒక చిన్న కరెంటు కుక్కర్ని. ఇద్దరికి సరిపడా అన్నం వండుతాను, అంతకు మించి నాకే విద్యా రాదు. ఫ్యాక్టరీలో పుట్టి ఒక పెళ్లి చదివింపుల్లోకి వెళ్లాను. రంగు కాగితం విప్పకుండానే అక్కణ్ణించి ఇంకో పెళ్లికి, ఆ తర్వాత మరో పెళ్లికి తిరిగాను. ప్రేమగా ఇచ్చినవాళ్లే గానీ ఉంచుకున్నవాళ్లు లేరు. చివరికి హైదరాబాదులో ఒక సెకండ్‌హ్యాండ్ కొట్టులో దాలినాయుడి చేతికి చిక్కాను.

దాలినాయుడు సెక్యూరిటీ గార్డు. బోరబండలో మేడ మీద రేకుల గదిలో అతనూ, వాళ్ల ఊరివాడే అయిన గౌరీశూ ఉండేవారు. గౌరీశుది బట్టల షాపులో ఉద్యోగం. ఆ మహానగరంలో రెండు పూటలా హోటల్లో తింటే జీతం అక్కడికక్కడే సరి. అందుకని వాళ్లకో ఒప్పందం: బియ్యం దాలినాయుడివి, కర్రీ పాయింటు నుంచి కూర పొట్లం గౌరీశుది. ఉన్న ఒక్క పొట్లాన్నీ నువ్వేసుకోమంటే నువ్వేసుకోమని పోట్లాడుకునేవారు. ఆ పోట్లాట వింటుంటే నాకెంతో హాయిగా ఉండేది.

ఒకనాడు షాపువాళ్లు గౌరీశుని పనిలోంచి తీసేశారు. ఆ సంగతి అతను, అన్నా అని పిలుచుకునే దాలినాయుడికి చెప్పలేదు. కూర తేకుండా అన్నం ముందు కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

"షాపులోనే బోయినాలు పెడతన్నారన్నా. తినీసినాను," అన్నాడు.

దాలినాయుడు డ్యూటీకి వెళ్లాక నా మూత తీసి, అడుగంటిన మెతుకులు గోకి, ఉప్పు చల్లుకుని తినేవాడు. మాడకుండా వండడమే గొప్పనుకునేదాన్ని. అప్పటినుంచీ ఇంకాస్త మాడితే బాగుండునని కోరుకున్నాను.

దాలినాయుడు చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. తమ్ముడు బయట తింటున్నాడు కదా, అన్నం దండగెందుకని ఒక్కడికే బియ్యం పొయ్యడం మొదలుపెట్టాడు. పైగా తమ్ముడికి శ్రమ ఉండకూడదని తిన్న వెంటనే నా గిన్నె తళతళా తోమి మూత పెట్టేసేవాడు. మనుషుల ప్రేమ ఒక్కోసారి ఇలా ప్రాణాల మీదికి తెస్తుంది.

గౌరీశు మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు. మంచినీళ్లు తాగి పడుకున్నాడు. కొన్నాళ్లు అలాగే గడిపి, ఒక పొద్దున మెట్ల మీద కూలిపోయాడు.

ఉద్యోగం పోయిన సంగతీ, పస్తుల సంగతీ ఆస్పత్రిలో బయటపడ్డాయి. తిరిగొచ్చాక దాలినాయుడు ఇద్దరికీ బియ్యం కడిగాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఏడ్చేశాడు.

"నాకో మాట సెప్తే ఏటి పోయీదిరా?"

"కూర తేనోణ్ణి, అన్నం ఎలగడుగుతానన్నా? సిగ్గేసినాది."

మర్నాడు గౌరీశు ఊరికి రైలెక్కేశాడు. ఉండమని అడిగే ధైర్యం దాలినాయుడికి లేకపోయింది.

ఆ తర్వాత నేనెంత మెత్తగా ఉడికించినా అతను రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. ఒకరోజు నన్ను పాత ఇనుపసామాను కొనేవాడి తోపుడుబండి మీద పెట్టాడు. బండివాడు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఖరాబైందా అన్నా?"

"నేదు బాబూ, బాగానే వండతాది," అన్నాడు దాలినాయుడు. "నాకే ముద్ద దిగట్నేదు."