రాకెట్టును ఆపిన తుమ్ము

అద్దంలా అవతలిది కనబడే ఆ ప్లాస్టిక్ డబ్బాను సబ్బు పెట్టి ఎంత తోమినా మామిడికాయ తొక్కు వాసన పోనే లేదు, అదే తలకు బోర్లించుకుని నవనీత నిన్న చంద్రుడి అవతలికి బయలుదేరింది, లోపల ఊపిరాడుతుందో లేదో అని నాకు గుబులు, ఎనుక రంధ్రాలు పొడిసినం తియ్యి అవ్వా అంటుంది, పొడిచారు సరే, రేపు పుణెలో ఎవరు పొడుస్తారు రంధ్రాలు, అక్కడ గది ఎట్లా ఉంటుందో, కిటికీ ఉంటుందో లేదో, తాండూరు స్టేషన్లో ఈ సిమెంటు స్తంభం చల్లగా ఉంది, దీని చాటున నిలబడితే ఎండా తగలదు, మనిషీ కనబడదు, బండి వికారాబాద్ దాటిందని మైకులో చెప్పారు, దాటిందంటే వచ్చేసినట్టే, నవనీత, నా మనవరాలు, అదిగో పెట్టె మీద కూర్చుని ఫోను చూసి నవ్వుకుంటోంది, దాని నాన్న, నా కొడుకు మల్లేశ్వర్, పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు, నాకోసమే, నేను పలకను, పయనమయ్యే వాళ్ళకు నేను ఎదురు రాకూడదు.

నవనీతా దాని జట్టూ తీసేవి నవ్వుల సినిమాలు, లోకమంతా చూసిన పెద్ద పెద్ద రాకెట్టు సినిమాలను పట్టుకుని తాండూరులో మళ్ళీ తీస్తారు, ఫోనుతో, బండల పాలిషింగు షెడ్డు వెనక, నల్ల నీళ్ళ ట్యాంకు నిలబెడితే రాకెట్టు, యూరియా సంచులు తిరగేసి కుడితే అంతరిక్షపు బట్టలు, పాలు పోసే చెన్నయ్య క్యాను వీపుకు కట్టుకుంటే గాలి సిలిండరు, ఆ చెన్నయ్యే వీళ్ళకు పెద్ద సైంటిస్టు, యాలాల్ దారిలో పాడుపడిన బండల గని వేరే గ్రహం, ఆ గ్రహం మీద తిరిగే వింత జీవులు మా గొర్రెలే, ఒకసారి ఒక వింత జీవి హరీష్‌ను పొడిచింది, నవనీతతో పాటు చదివినవాడు, ఫోను పట్టేది వాడే, కిందపడి కూడా ఫోను వదల్లేదు, నవనీత నాకు అసలు సినిమా ఒకటి చూపించింది, భూమి ఎండిపోతే కొత్త భూమిని వెతకడానికి పోతారు వాళ్ళు, ఎన్నేళ్ళకు వస్తారో తెలియదు, నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఆగకపోయినా అడిగాను, గంత దూరం పోతున్నరు గదా బిడ్డా, సద్దెవలు కట్టిన్రే అని, అది పడీ పడీ నవ్వి, అవ్వా గీ ముచ్చట మన సినిమాల పెడ్త అన్నది, పెట్టింది కూడా, రాకెట్టు తలుపు మూసే ముందు జొన్నరొట్టెల మూట లోపలికి విసిరే ముసలమ్మను నేనే, అది ఊరూరా ఫోన్లలో తిరిగింది, పరిగి బస్టాండులో ఎవరో ఒకామె గుర్తుపట్టి సద్దవ్వా అని పిలిచింది, సిగ్గేసింది, సంతోషమూ వేసింది, పుణెలో నిజం సినిమాలకు కంప్యూటర్లో రాకెట్లు చేసే కంపెనీవాళ్ళు కూడా అదే చూసి దీన్ని పనికి పిలిచారు, నేను విసిరిన రొట్టెల మూటే దీన్ని అంత దూరం ఎగరేసిందా ఏమి.

దూరాలు నాకు కొత్త కాదు, వికారాబాద్ బస్టాండులో సీతాఫలాలు అమ్ముకుంటూనే చదువు నేర్చుకున్నాను, కండక్టరు పరిగి పరిగి అని అరిస్తే బోర్డు మీది అక్షరాలు చూసేదాన్ని, కోట్‌పల్లి అని అరిస్తే ఆ బోర్డూ చూసేదాన్ని, రెండింట్లోనూ ఒకే గుర్తు కనబడింది, ఓహో ఇదన్నమాట ప అని పక్కపక్కన పెట్టి పట్టుకున్నాను, అట్లా నా అక్షరాలన్నీ పోయే బస్సుల మీద దొరికినవే, తర్వాత కాయలు చుట్టే పాత పేపర్లు, ఆ తర్వాత పుస్తకాలు, ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదువుతాను, ఎవరూ విడిపోలేదని తెలిశాకే మొదటికి వస్తాను, నవనీతకు అది కూడా నవ్వే, అవ్వా నీకు సినిమా ఎనుక నుంచి చూపియ్యాలె అంటుంది, చూపించు బిడ్డా, రాకెట్టు తోకతో వెనక్కు నడిచి వచ్చి మన షెడ్డులో దిగేటట్టు.

నా మొగుడు శంకరప్ప మేత కోసం గొర్రెలను తోలుకుని కన్నడ సీమ వైపు పోయాడు, ఏటా పోయేదే, ఆ ఏడు గొర్రెలు వచ్చాయి, గొంగడి వచ్చింది, ఆయన రాలేదు, పిడుగు పడిందన్నారు, దినాలయ్యాక మా అత్త మొగులమ్మ, చెడ్డ మనిషి కాదు, నా బుగ్గ నిమిరి మరీ చెప్పింది, రుక్కీ, ఇగ ఎవలు పయనమైనా నువ్వు ఎదురు రాకు బిడ్డా, తలుపు సాటుకుండు అని, ఉన్నాను, కూతురు అత్తగారింటికి పోయినప్పుడు తలుపు చాటు, మల్లేశ్వర్ బొంబాయికి పనికి పోయినప్పుడు తలుపు చాటు, అందుకే నాకు అందరి వీపులూ గుర్తు, కూతురి జడ చివర ఊగిన కుచ్చులు, కొడుకు చొక్కా మీది చెమట మరక, ముఖాలు మాత్రం లేవు, ఆ రోజు ఏడ్చారో నవ్వారో నాకు తెలియదు, అడగాలంటే ఇప్పుడు వాళ్ళకూ గుర్తుండదు.

నిన్న నాకిచ్చిన పని ఒక్కటే, రాకెట్టెక్కే నవనీతకు ఎదురుగా నిలబడి, పో బిడ్డా, ఇంకో భూమి ఎతికిపెట్టు అనాలి, కాగితం మీద నేనే చదువుకుని నేర్చుకున్నాను, తీరా చెన్నయ్య పది, తొమ్మిది అని లెక్క మొదలుపెట్టగానే నా కాళ్ళు వాటంతటవే పేర్చిన బండల వెనక్కు పోయాయి, హరీష్ అరిచాడు, అరే సద్దవ్వ మాయమైంది, డబ్బాలోంచి నవనీత, ఏందే అవ్వా, ఎదురు నిలవడమంటే దాక్కుంటవ్, మళ్ళీ పెట్టారు, మళ్ళీ పోయాను, చెన్నయ్యకు విసుగొచ్చింది, రుక్కక్కా, నా బర్లు పాలకొచ్చే యాళ్ళయింది, నువ్వు గిట్ల దాగుడుమూతలాడితే ఇంకో భూమి ఎన్నడు దొరకాలె, ఈసారి నవనీత వచ్చి నా భుజాలు పట్టి నిలబెట్టి, సుద్దముక్కతో కాళ్ళ ముందు గీత గీసి, గీ గీత ఇడిసిపెట్టి పోతే నా మీద ఒట్టే అన్నది, ఒట్టంటే ఏం చేస్తాను, నిలబడ్డాను, కళ్ళు గట్టిగా మూసుకున్నాను, అయిదు, నాలుగు, పొగలాగా కనబడాలని బండల పొడి ఎగరేశారు, అది నా ముక్కులోకి పోయింది, మూడు, రెండు, తుమ్మాను, ఒంటి తుమ్ము, అంతే, నాకు సినిమా లేదు ఏమీ లేదు, ఆగు బిడ్డా ఆగు, తుమ్మిన, దిగు, జర కూసొని నీళ్ళు తాగి పో, అని అరిచేశాను, నేనంటే ముసలిదాన్ని, పెద్ద సైంటిస్టు చెన్నయ్య కూడా లెక్క ఆపేసి, అవునవును దిగు బిడ్డా, ఒంటి తుమ్ము మంచిది కాదు అన్నాడు, నవనీత కూడా నిజంగానే దిగింది, రాకెట్టు దిగి బండ మీద కూర్చుంది, నేను చెంబు అందించాను, డబ్బా తలకు బిగుసుకుని రాలేదు, నీళ్ళన్నీ డబ్బా మీంచి కారి యూరియా సంచిలోకి పోయాయి, అప్పుడు మొదలయింది నవ్వు, చెన్నయ్య క్యాను మీద పడి నవ్వాడు, హరీష్ ఏడుస్తూ నవ్వాడు, ఫోను మాత్రం ఆపలేదు, గిదే ఉంచుతం అన్నది నవనీత, గంత పైసలు పెట్టి తీసినోళ్ళకు గిది దొరకలే, రాకెట్టును ఆపే మిషిను మా అవ్వ ముక్కుల ఉన్నది, నేను నవ్వలేదు, నీళ్ళు జారుతున్న ఆ డబ్బా వెనక ముఖాన్ని చూస్తూ ఉండిపోయాను, పైపెదవి మీద చెమట, ఎడమ కనుబొమ్మలో చిన్నప్పుడు గొర్రె పొడిచిన గాటు, పోయే మనిషి ముఖం ఇంత దగ్గర నుంచి ఎప్పుడు చూశాను నేను.

కూత వినబడింది, వచ్చేసింది, అందరూ లేచారు, అమ్మా యాడున్నవే, బండొచ్చింది అని మల్లేశ్వర్ అరుస్తున్నాడు, వీడు బొంబాయి నుంచి తిరిగొచ్చాడు కదా, నేను చాటున ఉన్నందుకు వచ్చాడా, మరి శంకరప్ప, ఆయన బయలుదేరిన పొద్దున నేను బోరింగు దగ్గర బిందె పెట్టుకుని వరుసలో ఉన్నాను, నేను ఎదురు రాలేదు, ఎవరూ రాలేదు, తుమ్ము లేదు, పిల్లి లేదు, అంత మంచి శకునంతో పోయిన మనిషి రాలేదు, ఇది నాకు ఎప్పుడూ తెలిసిందే, ఆ రెండు బోర్డుల మీది అక్షరాల్లాగా పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే, బండి ఆగింది, ఎక్కువసేపు ఆగదు ఇక్కడ, మల్లేశ్వర్ పెట్టె ఎక్కించాడు, నవనీత మెట్టు మీద కాలు పెట్టింది, వీపు, మళ్ళీ వీపే, అయ్యో, అంతలో అది ఇటు తిరిగి ఈ స్తంభం వైపే చూసి, హాచ్చి అన్నది, అది తుమ్ము కాదు, చంటిపిల్ల కూడా నమ్మదు, అవ్వో, ఒంటి తుమ్మొచ్చింది, నీళ్ళియ్యవా, అని బండంతా వినబడేటట్టు అరిచింది, ఎక్కవే పిచ్చిదానా బండి పోతది అంటాడు మల్లేశ్వర్, పోనీ నాయినా, తుమ్మినంక నీళ్ళు తాగకుంట ఎట్లెక్కాలె అంటుంది అది, ఇక్కడ ఎవరూ గీత గీయలేదు, అయినా నా కాళ్ళు స్తంభం దాటాయి, సంచిలో సీసా దొరకదు, దొరికింది, మూత రాదు, వచ్చింది, అది ఒక్క గుక్క తాగి చేత్తో మూతి తుడుచుకుంది, ఎడమ కనుబొమ్మ గాటు, పైపెదవి మీద చెమట, కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి, సద్ది పెట్టెల పైననే ఉన్నది బిడ్డా, రొట్టెలు మెత్తబడకముందే తిను అన్నాను, పోయొస్త అవ్వా అన్నది, ఎక్కింది, బండి కదిలింది, తలుపు దగ్గరే ఇటు తిరిగి నిలబడి ఉంది, నేను దాన్నే చూస్తూ నాలుగడుగులు నడిచాను, బండిని ఏ తుమ్మూ ఆపదు, ఆ పాతకాలపు వాళ్ళకూ తెలిసే ఉంటుంది, పోయే వాళ్ళ ముఖం ఒక్క గుక్క నీళ్ళంతసేపు చూసుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న సాకు ఆ తుమ్ము, నేనేమో శకునాలన్నీ నిజమని పట్టుకుని ఇన్నేళ్ళు తలుపు చాటున నిలబడ్డాను, దూరంగా తలుపులో ఇంకా చెయ్యి ఊగుతోంది, చిన్నదైపోయినా అది వీపు కాదు, ముఖమే, ఈసారి ముఖం నా దగ్గర ఉంది.